లెక్క రాని మనిషి

సన్మానపత్రం రాసిపెట్టమని మా ఊరి సేవాసంఘం సెక్రటరీగారు అడిగితే, మనిషినీ ఆవిడ చేసే పనినీ చూడకుండా రాయలేనన్నాను. అయితే వెళ్ళి చూసి రండి అన్నారాయన. డిసెంబరు 3న, దివ్యాంగుల దినోత్సవం నాడు సన్మానం. చేయించుకోబోయేది ఒక రిటైరైన టీచరుగారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన మానసిక దివ్యాంగుల జాతీయ సంస్థలో శిక్షణ పొంది వచ్చి, ఉద్యోగమున్నన్నాళ్ళూ ప్రత్యేక పాఠశాలలో పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక ఊరి చివర పాత రైసుమిల్లు గోడౌను అద్దెకు తీసుకుని, బడి వయసు దాటిపోయిన తన పాత విద్యార్థుల్నే కాగితపు సంచులు చేసే పనికి మళ్ళీ పిలుచుకున్నారు.

ఎందుకు పిలుచుకోవలసి వచ్చిందో ఆవిడే చెప్పారు.

“పద్దెనిమిదేళ్ళదాకా బడి ఉంటుందండీ. ఆ తరవాత? అరుగు మీద కూర్చోబెడతారు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, బస్సెక్కడం, పదిమందిలో మాట్లాడటం, మేం ఏళ్ళ తరబడి నేర్పినవన్నీ వాడుక లేక పోతాయి. కొడుక్కి నలభై వస్తాయి, తల్లికి డెబ్భై. నా తరవాత వీడెవరికి అని ఆవిడకి రాత్రిళ్ళు నిద్ర పట్టదు.”

ఆ ప్రశ్నకి జవాబులో కొంత భాగం చట్టంలో ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. పద్దెనిమిది దాటినవాళ్ళకి అవసరమైతే సంరక్షకుణ్ణి నియమించే అధికారం దానిది. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు నాకు ఆ గోడౌనులో తప్ప బయట ఎక్కడా తగల్లేదు. దరఖాస్తు నింపడం, ఆ ముసలివాళ్ళని వెంటబెట్టుకుని కలెక్టరేటుకి తీసుకెళ్ళడం, ఫైలు కదిలేదాకా తిరగడం అంతా టీచరుగారే. పెద్దాడపిల్లలకి నెలసరి జాగ్రత్తలు నేర్పేదీ ఆవిడే. గడ్డం గీసుకోవడం నేర్పడానికి మాత్రం ఒక మంగలాయన్ని పిలిపించి, తనూ పక్కన కూర్చుని చూశారట. మరుసటి రోజునుంచి అద్దం ముందు ఎవరి గడ్డం వాళ్ళదే. సన్మానపత్రాల్లో ఇలాంటివి రాయరు. నేను రాశాను.

అక్కడ అందరూ పెద్దవాళ్ళు. ఆవిడ అందర్నీ మీరు అనే అంటారు. చిన్నబ్బాయిగారు అని ఒకాయన ఉన్నారు. ఇంట్లో రెండో కొడుకు కనక ఆ పిలుపు. వయసు నలభై రెండు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టారు. అంకెలు రావు. మూడు దాటితే గందరగోళం. కానీ కాగితపు సంచుల కట్టలు కట్టే పని ఆయనదే. ఇంతవరకూ ఒక్క కట్టలోనూ ఒక్క సంచీ తేడా రాలేదని టీచరుగారు చెబితే ఎలాగా అనుకున్నాను.

చిన్నబ్బాయిగారే చూపించారు. బల్ల మీద ఒక చెక్క, దాని మీద గీసిన ఇరవై అయిదు గళ్ళు. గడికో సంచీ పెట్టుకుంటూ పోతారు. ఖాళీ గడి కనిపించకపోతే అన్నీ తీసి కట్ట కట్టేస్తారు. లెక్క ఆయన తలలో లేకపోయినా ఫరవాలేదు, చెక్కలో ఉంది. మనిషికి రానిదాన్ని పట్టుకుని ఏడవకుండా పనిని మనిషికి తగ్గట్టు మలచడమే ఈ విద్యంతా. అది నాకా గోడౌనులో అర్థమైనట్టు ఏ పుస్తకంలోనూ కాలేదు.

గోడకి వరసగా ఇంకొన్ని చెక్కలు తగిలించి ఉన్నాయి. వాటికి గుంటలు, గుంటల్లో వెదురు పుల్లలు. ఒక్కో చెక్క ఒక్కో కొట్టుకి. చదవడం రాదు కనక బొమ్మలు అంటించారు: స్వీటు షాపుకి లడ్డు, బట్టల కొట్టుకి చీర, మందుల షాపుకి మాత్ర. కట్ట పంపినప్పుడల్లా ఒక పుల్ల గుచ్చుతారు. డబ్బు వచ్చాక కట్టకొకటి చొప్పున పుల్లలు పీకేస్తారు. అలా వచ్చిన డబ్బులోంచే శనివారం కూలి పంచుతారు. ఒకటో తారీఖున ఇంటికొచ్చే ఆరువేల పింఛను చిన్నబ్బాయిగారి తల్లి చేతికి వెళుతుంది. శనివారం కూలి మాత్రం ఆయన చేతికి. తమ డబ్బు వ్యవహారాలు చూసుకునే హక్కు అందరితో సమానంగా వీళ్ళకూ ఉందని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ఆయన ఆ కూలితో ప్రతి శనివారం తల్లికి పావుకిలో జిలేబీ పట్టుకెళతారు. కొనేటప్పుడు ఇంకొకళ్ళని జేబులో చెయ్యి పెట్టనివ్వరు.

మూలన ఒక చెక్క విడిగా వేలాడుతోంది. దాని మీద దీపం బొమ్మ. నలభై గుంటలూ నిండుగా ఉన్నాయి. ఏ పూజా సామాన్ల కొట్టుదో అనుకుని అడిగాను. నేను అడుగుతుండగానే చిన్నబ్బాయిగారు దాన్ని తీసి, తువ్వాలుతో తుడిచి, మళ్ళీ మేకుకి తగిలించారు.

“ప్రతి శనివారం తుడుస్తారండీ,” అన్నారు టీచరుగారు. “ఒకరిదిలెండి. వస్తుంది.” అని టీ తెప్పించారు.

బయల్దేరుతూ, సన్మానం అంటే మీకిష్టమేనా అని అడిగాను. “నాకు శాలువా ఎందుకండీ? ఆ హాల్లో ఊళ్ళో వ్యాపారస్తులంతా ఉంటారు. వీళ్ళకి నాలుగు ఆర్డర్లు దొరుకుతాయని ఒప్పుకున్నాను,” అన్నారు.

సన్మానం నాటి సాయంత్రం హాలు నిండింది. ముఖ్య అతిథికి పూలగుత్తి ఇప్పించడానికి “పిల్లల్లో ఒకణ్ణి” తీసుకురమ్మని సెక్రటరీగారు కబురు పెట్టారు. ఇస్త్రీ చొక్కాతో, నున్నగా గీసుకున్న గడ్డంతో చిన్నబ్బాయిగారు వచ్చారు. చంకలో ఒక గుడ్డసంచీ.

జ్యోతి ప్రజ్వలన అయింది. సెక్రటరీగారు వార్షిక నివేదిక చదివారు. రక్తదాన శిబిరం, కళ్ళజోళ్ళ పంపిణీ. తరవాత, “మానసిక దివ్యాంగుల ఉపాధి కోసం పోయినేడు మన సంఘం వెయ్యి కాగితపు సంచులు చేయించింది,” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను రాసిన పత్రం చదివారు. గడ్డం గీసుకోవడం సంగతి దాటవేశారు. టీచరుగారికి శాలువా కప్పారు. ఆవిడ దండం పెట్టి, మైకు దగ్గర ఆర్డర్ల మాట రెండు ముక్కల్లో చెప్పి కూర్చున్నారు.

పూలగుత్తి ఇవ్వడం కూడా అయ్యాక చిన్నబ్బాయిగారు వేదిక దిగలేదు. ప్రెసిడెంటుగారు, ఆయనకంటే నాలుగైదేళ్ళు చిన్నే, వంగి బుగ్గ పట్టుకుని, “ఏం బుజ్జీ, ఇంకేం తెచ్చావమ్మా మాకు?” అన్నారు. చేతిలో మైకుంది.

చిన్నబ్బాయిగారు గుడ్డసంచీలోంచి చెక్క తీశారు.

టీచరుగారు కుర్చీలోంచి లేవబోయారు. అప్పటికే ప్రెసిడెంటుగారు చెక్క ఒక అంచు పట్టుకుని అందరికీ కనపడేలా పైకెత్తారు. “చూశారా! మన సంఘానికి ఈ బాబు తన చేతుల్తో చేసిన బహుమతి! మన గుర్తు కూడా వేశాడు!” హాలంతా చప్పట్లు. ఇటు చూడండి సార్ అంటున్నాడు ఫొటోగ్రాఫరు.

చిన్నబ్బాయిగారు రెండో అంచు వదల్లేదు. చెక్క మీది దీపం మీద వేలు పెట్టారు. వెనక్కి తిరిగి అదే వేలు వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ వైపు చూపించారు. సంఘం పేరు పక్కన, ప్రెసిడెంటుగారి తలపైన, మూరెడెత్తున అదే దీపం.

“బహుమతి కాదండీ,” అన్నారు, మైకులో అందరికీ వినిపించేలా. “మీరు పట్టుకెళ్ళిన సంచులు. డబ్బులిచ్చేస్తే పుల్లలు తీసేసుకుంటాను.”