నేను లోకో కవచ్‌ను

నేను రైళ్లు ఢీకొనకుండా కాపాడేందుకు రైలింజన్‌లో పనిచేసే కవచ్ యంత్రాన్ని. నా పుట్టిల్లు హైదరాబాద్‌లోని ఉప్పల్‌కు దగ్గర్లో, నాచారం పారిశ్రామికవాడలోని మేధా సర్వో డ్రైవ్స్. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ మా రూపురేఖలు నిర్ణయిస్తే, మేధాతో పాటు హైదరాబాద్‌కే చెందిన హెచ్‌బీఎల్, కెర్నెక్స్ సంస్థలు మమ్మల్ని తయారుచేశాయి. ఎవరింట పుట్టినా మేమంతా ఒకే భాష మాట్లాడాలి. ఒక కంపెనీ ఇంజన్ యంత్రానికి ఇంకో కంపెనీ స్టేషన్ యంత్రం మాట అర్థం కాకపోతే ప్రయాణికుడికి రక్షణ ఎక్కడిది?

మా తొలి తరం 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్లెక్కింది. లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ మార్గాల్లోని 250 కిలోమీటర్లే మా బడి. 2020 జులైలో దేశమంతటికీ మమ్మల్నే ఎంచుకున్నారు. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య, రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఎక్కిన ఇంజన్‌ను, అదే పట్టాలపై ఉన్న మరో ఇంజన్‌కు 380 మీటర్ల దూరంలోనే మా జాతి యంత్రం ఆపింది.

నా పని ఇదీ. పట్టాల కిందుండే స్లీపర్లకు బిగించిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుల్లో బ్యాటరీ ఉండదు. ఇంజన్ కిందున్న నా రీడర్ పంపే తరంగాల శక్తితోనే అవి మేల్కొని, నేనెక్కడున్నానో చెబుతాయి. స్టేషన్‌లోని కవచ్ యంత్రం, సిగ్నళ్లను నియంత్రించే ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ నుంచి వాటి సంగతి తెలుసుకుని, టవర్ మీది రేడియోతో నాకు అందిస్తుంది. ఇంకెంత దూరం వెళ్లవచ్చో, ఎంత వేగంతో వెళ్లవచ్చో లెక్కగట్టి లోకో పైలట్ ముందున్న తెరపై చూపిస్తాను. పొగమంచులో సిగ్నల్ స్తంభం కనబడనప్పుడు ఆ తెరే ఆయనకు ఆసరా. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గరపడితే విజిల్ వేస్తాను. వేగం మించితే ముందు హెచ్చరిస్తాను. ఆయన తగ్గిస్తే నేను జోక్యం చేసుకోను, తగ్గించకపోతేనే బ్రేకు వేస్తాను. బండి ఆయనదే. రాత్రంతా మేలుకున్న మనిషి కళ్లు ఒక్క క్షణం వాలితే, ఆ క్షణానికి మాత్రం నేను.

నన్ను తీర్చిదిద్దినవాళ్లను ఎక్కువగా వేధించిన ప్రశ్న, ‘ఏదైనా చెడిపోతే?’ అన్నదే. అందుకే ఒకే లెక్కను నాలో ఒకటికి మించిన ప్రాసెసర్లు విడివిడిగా చేస్తాయి. జవాబులు కలవకపోతే నేను సాహసించను, సురక్షితమైన నిర్ణయమే తీసుకుంటాను. రేడియో మాట ఆగిపోతే పాత అనుమతిని పట్టుకుని పరిగెత్తను. నాకిచ్చిన సిల్–4 భద్రతా ప్రమాణం ప్రకారం, ప్రమాదం తెచ్చిపెట్టే లోపం 10 కోట్ల గంటల్లో ఒకటికి మించకూడదు. పట్టాల మీద నేర్చుకున్న పాఠాలన్నీ కలుపుకొని 2024 జులైలో మా 4.0 రూపానికి ఆమోదం వచ్చింది.

ఇదంతా నేను చేరిన దారుల మాటే. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజర్ రైళ్లు ఢీకొని పలువురు చనిపోయారు. ఆ దారిలో కవచ్ లేదు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నా పని ఇంకా ఎంత మిగిలుందో తెలుస్తుంది.

ఇంజన్‌లో నేనొక్కదాన్ని ఉంటే సరిపోదు. దారిపొడవునా ట్యాగులు, స్టేషన్‌లో నా జోడు, టవర్లు, వాటిని ఎండావానల్లో కాచుకునే సిగ్నల్ సిబ్బంది, వారికి పని నేర్పే తార్నాకలోని రైల్వే శిక్షణ సంస్థ ఇరిసెట్ అన్నీ కలిస్తేనే నేను నా పని పూర్తిగా చేయగలను. ఇవేవీ లేని దారిలో నేను దాదాపు ఇనుప పెట్టెనే. కాబట్టి కవచ్ కావాలని అడిగేవారు ఇంజన్‌కు మాత్రమే కాదు, తమ ఊరి పట్టాలకూ, స్టేషన్‌కూ కలిపి అడగాలి.