డజను అమృతపాణి

సోమవారం కొన్న డజను అరటిపళ్లూ కూడబలుక్కుని గురువారం ఒక్కసారే మాగాయి. రోజుకు మూడేసి పండితే వాటి సొమ్మేం పోయిందో! బుధవారం దాకా వగరు, శుక్రవారానికి గుజ్జు. మధ్యలో తినదగ్గ ముహూర్తం ఒకటి ఉందంటారు. అది నేను నిద్రలో ఉండగా వచ్చిపోతోంది.

ఫ్రిజ్జులో పెట్టి చూశాను. తొక్క బొగ్గయింది. 13 డిగ్రీల కంటే చలి అరటికి పడదట; మా ఫ్రిజ్జులో నాలుగు. లోపల పండు బాగానే ఉందని వలిచి చూపిస్తే, "అయితే మీరే తినండి" అంది మా ఆవిడ. ఆపిల్స్ పక్కన పెడితే ఇంకా తొందరపడ్డాయి. ఆపిల్ ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది, తను పండేది చాలక పక్కవాళ్లనూ పండిస్తుంది. ద్రాక్ష సంగతి సరేసరి. కడిగి దాస్తే బూజు, కడక్కుండా దాస్తే మా ఆవిడ.

అప్పుడు మా బావమరిది సెలవిచ్చాడు: "కొక్కేనికి వేలాడదియ్యండి బావగారూ. ఇంకా చెట్టునే ఉన్నామనుకుంటాయి."

అనుకుంటాయట! నెత్తిన ఫ్యాను, పక్కన టీవీ సీరియల్, వంటింట్లో కుక్కర్ కూత. ఇదంతా రావులపాలెం అరటితోట అని ఏ పండు నమ్ముతుంది? నమ్మించాలంటే పొద్దున్నే నీళ్లు చిలకరించాలా? పైకి చూసి "ఈ ఏడు గాలివాన లేదు, అదృష్టం" అని రైతులా నిట్టూర్చాలా? వాటి ఎదురుగా ధర మాట్లాడొద్దని మా ఆవిడకు చెప్పాను, అమ్ముడుపోయామని తెలిసిపోతుందని. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

అయినా స్టూలెక్కి, హాల్లో స్లాబు కొక్కేనికి అత్తం కట్టాను. పక్కింటావిడ వచ్చి, "గుమ్మడికాయ కదండీ కట్టాల్సింది, ఎవరి దిష్టి?" అని గొంతు తగ్గించి అడిగింది. కొరియర్ కుర్రాడి నెత్తికి తగిలింది. అమృతపాణికి మాగితే రాలే గుణం ఉందని బావమరిది చెప్పలేదు. అర్ధరాత్రి టప్. కాసేపటికి ఇంకో టప్. దొంగలనుకుని కర్ర పట్టుకుని వచ్చి, మూడోదాని మీద కాలేశాను.

తుడుస్తూ పైకి చూశాను. ఆ కొక్కెం ఉయ్యాల కోసం స్లాబు వేసేటప్పుడే పెట్టించింది. ముగ్గురు పిల్లలు దానికింద ఊగారు. ఆ రోజుల్లో పొద్దున తెచ్చిన డజను సాయంత్రానికి తొక్కలయ్యేది. దేవుడికి రెండు మిగల్చమని అరిచేవాణ్ణి. దాచడం ఎలాగన్న ప్రశ్నే ఆ ఇంట్లో లేదు. ఇప్పుడు నేనూ ఆవిడా. ఆవిడకు షుగరు.

నిన్న బండివాడు, "ఎన్ని ఇమ్మంటారు సార్?" అన్నాడు. నాలుగు చాలనుకుంటూనే వెళ్లాను.

"డజను" అంది నోరు.