టవరు కట్టి చూడు

2015లో సిటీస్: స్కైలైన్స్ అనే నగరం కట్టే ఆట విడుదలైనప్పుడు, దాన్ని తయారుచేసిన ఫిన్లాండ్‌లోని కొలోసల్ ఆర్డర్ స్టూడియో వాళ్ళు దాంతోపాటే అసెట్ ఎడిటర్ కూడా చేతికిచ్చి, ఎవరి భవనాలు వాళ్ళు కట్టుకోండన్నారు. అప్పటినుంచి, ఆటగాళ్ళు తాము చేసినవి పంచుకునే స్టీమ్ వర్క్‌షాప్‌లో వేలకొద్దీ మేడలు లేచాయి. మీదొక్కటే తక్కువైంది. త్రీడీ మోడళ్ళు చేసే బ్లెండర్ ఉచితమే కదా, దించుకుని మొదలుపెట్టండి.

అరవై అంతస్తులకు తగ్గకండి. ఇళ్ళకని గీసిన జోన్‌లో తనంతట తానే మొలిచే భవనానికి ఆట ఇచ్చే స్థలం మహా అయితే నాలుగు గడుల వెడల్పు, నాలుగు గడుల లోతు. గడి 8 మీటర్లు, అంటే మొత్తం 32 మీటర్ల చదరం. కోకాపేట బిల్డరుకు చూపిస్తే క్లబ్‌హౌస్‌కైనా చాలదంటాడు. మీరు వెనకాడకుండా బాల్కనీలు పక్క స్థలం మీదికి లాగించండి. ఈ ఆటలో సెట్‌బ్యాక్ అడిగే టౌన్‌ప్లానింగ్ అధికారి లేడు. మీ రెయిలింగు పక్కింటి గోడలోంచి పొడుచుకొస్తే ఆ ఇంటివాళ్ళే చూసుకుంటారు.

ఇన్ని అంతస్తులున్నాయి కాబట్టి జనం కిక్కిరిసిపోతారని ఆశపడకండి. మొలిచే భవనాల్లో కుటుంబాల లెక్కకు ఆట ఎత్తు చూడదు, స్థలం కొలతా భవనం లెవెలూ చూస్తుంది. అదే స్థలంలో, అదే లెవెల్లో నాలుగంతస్తుల డబ్బా కట్టినా, మీ అరవై అంతస్తుల టవరు కట్టినా కాపురాలు సమానమే. ఇది తెలిసి నీరుగారిపోయినవాళ్ళు ఆట లెక్కలు మార్చే రియలిస్టిక్ పాపులేషన్ అనే మాడ్ వేసుకుని భవనం సైజును బట్టి జనాన్ని తెచ్చుకుంటారు. మీకా తలనొప్పి వద్దు. జనంతోపాటు చెత్త, మురుగు, కరెంటు బిల్లు అన్నీ వస్తాయి. పైగా ఈ ఆటలో ఒకేసారి గృహప్రవేశం చేసినవాళ్ళంతా ఇంచుమించు ఒకేసారి ముసలివాళ్ళై, ఒకేసారి పోతారు. శవాల బళ్ళు సిగ్నల్ దగ్గర బారులు తీరతాయి. ఖాళీ ఫ్లాట్లకు ఆ గొడవ ఉండదు.

వాస్తు మాత్రం వదలకండి. ఈశాన్యంలో నీళ్ళ సంపు, ఆగ్నేయంలో వంటిల్లు, తూర్పు సింహద్వారం పెట్టి శ్రద్ధగా గీయండి. మొలిచే భవనాన్ని ఆట రోడ్డు ఎటుంటే అటు తిప్పి నిలబెడుతుంది, మీ ఈశాన్యం పోయి నైరుతిలో పడొచ్చు. దీనికీ ఉపాయం ఉంది. ఊళ్ళో రోడ్లన్నీ ఉత్తర దక్షిణాలుగానే వేసి, ప్రతి రోడ్డుకూ పడమటి పక్కనే జోన్ గీయండి. ట్రాఫిక్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక అసలు పనితనం. ఫ్లాటు లోపల సోఫా, సోఫా మీద దిండ్లు, దిండ్లకు కుట్లు చెక్కండి. స్టవ్ మీద కుక్కరు, కుక్కరుకు విజిల్, ఆ విజిల్ గుండ్రంగా కనబడేటట్టు చుట్టూ అరవై నాలుగు పలకలు. నలభయ్యో అంతస్తు బాల్కనీలో ఆరేసిన లుంగీకి గళ్ళు టెక్స్చర్‌తో వేయడం బద్ధకస్తుల పని, ఒక్కో గడీ విడిగా మోడల్ చేయండి. పైనుంచి చూసే ఆటగాడికి ఇవేవీ కనబడవని ఎవరైనా అంటే, 2023 అక్టోబరులో వచ్చిన రెండో భాగాన్ని గుర్తుచేయండి. విడుదలైనప్పుడు అందులో పౌరుల బొమ్మలకు నోట్లో పళ్ళు కూడా ఉండేవి, దూరానికి వాడే తేలిక మోడల్ మాత్రం లేదు. ఆట భారంగా నడవడానికి అదీ ఒక కారణమైంది. పళ్ళకు దక్కిన గౌరవం కుక్కరుకు ఎందుకు దక్కకూడదు?

ఎల్ఓడీ అనే ఆ తేలిక మోడల్‌ను మీరు చేతులారా చేయకండి. చేయకపోతే ఆటే ఒకటి తయారుచేసి పెడుతుంది. కెమెరా కాస్త వెనక్కి జరగ్గానే మీ టవరు ఎండలో పెట్టిన బెల్లం అచ్చులా తయారవుతుంది. దగ్గరికొస్తే మళ్ళీ నిటారుగా నిలబడుతుంది. చూసేవాళ్ళకు కాలక్షేపం.

టెక్స్చర్ ఫైళ్ళ పేర్ల చివర అండర్‌స్కోర్ పెట్టి డి, ఎన్, ఎస్ లాంటి అక్షరాలు చేరిస్తేనే ఆట వాటిని గుర్తుపడుతుంది. మీరు మాత్రం ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘ఇదే ఫైనల్’ అని పెట్టుకోండి. రంగులు అంటకపోతే మినిమలిజం అనండి. రాత్రి వెలుగుల మ్యాప్‌లో కిటికీలన్నీ తెల్లగా నింపేయండి, తెల్లవారుజామున మూడింటికి కూడా అరవై అంతస్తులూ పెళ్ళివారి విడిదిలా వెలగాలి.

వర్క్‌షాప్‌లో పెట్టేటప్పుడు త్రిభుజాలెన్ని, టెక్స్చర్ సైజెంత అని వివరాలు రాయడం కొందరికి అలవాటు. అవి చూస్తే దించుకునేవాళ్ళు దించుకోరు. ‘గేటెడ్ కమ్యూనిటీ, ఇన్‌ఫినిటీ పూల్, ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాలు, కొన్ని యూనిట్లు మాత్రమే మిగిలాయి’ అని రాయండి.