శేషవాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “శేషుడు పడగ మార్చుకున్నాడు నాయనా, చెంబు గూట్లో పెట్టి పడుకో.”

(కర్త: ముండ్లమూరు వైపు నాయనమ్మల్లో ఎవరైనా. కాలం: కరెంటు పోయిన రాత్రి.)

ప్రతిపదార్థం: శేషుడు = భూమిని మోసే వేయి పడగల స్వామి; పడగ మార్చుకున్నాడు = ఒకటి నొప్పెట్టి ఇంకోదాని మీదికి బరువు నెట్టాడు; నాయనా = ఇక ప్రశ్నలు వద్దురా; చెంబు = దొర్లిపడి ఇంటిల్లిపాదినీ లేపినది; గూట్లో పెట్టి = మళ్లీ పడినా పడవచ్చు గనుక లోపలికి జరిపి; పడుకో = పెద్దవాళ్లకూ ఇంతకు మించి తెలియదు.

తాత్పర్యం: స్పష్టమే. కానీ విన్నవాడికి నిద్రెక్కడిది? ఇప్పుడు పైనున్నది ఎన్నో పడగ? తక్కిన తొమ్మిదివందల తొంభైతొమ్మిదీ ఖాళీగా ఏం చేస్తుంటాయి? చీమకుర్తిలో అంతంత గ్రానైటు బండలు తవ్వి లారీలకెత్తి పంపేస్తున్నారే, స్వామికి ఆ మేరకు బరువు తగ్గదా? ఈ చివరి సందేహం మీద బడిలో రెండు పక్షాలు ఏర్పడి, వారం దాకా మాటల్లేకుండా పోయేవి.

మతాంతరాలు: ‘లారీ పోయింది’ అని కొందరు. అగ్రాహ్యం, ఆ వేళప్పుడు ఆ దారిన లారీ రాదు. ‘క్వారీలో పేల్చారు’ అని మరికొందరు. నేల కదిలేముందు ఉరిమినట్టు చప్పుడైంది కాబట్టి దీన్లో కొంత యుక్తి ఉంది. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతాన్ని కుదిపిన భూకంపం ఎరిగిన ముసలివాళ్లు రెండు మతాలనూ ఖండించకుండానే కొట్టిపారేసేవారు.

నవీన పాఠం: 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా మూడు రోజులు నేల కదిలింది. జనం బయటికి ఉరికారు. ఈసారి వాక్యం మనవడి ఫోన్లోంచి వచ్చింది: ఒక దశాంశం, ఒక మ్యాపు, దాని మీద చుక్క. గుండ్లకమ్మ వెంబడి నేలలో పగులుందన్న శాస్త్రజ్ఞుల మాట కూడా దానికి తోడు. పాఠం పరిశుద్ధం. లోపమల్లా, పోట్లాడుకోవడానికి అందులో ఏమీ లేదు. చుక్క చూసుకుని ఎవరిళ్లలోకి వాళ్లు పోయారు.

విశేషం: భూకంపాల పట్టికల్లో లోతు 10 కిలోమీటర్లని తరచు కనిపిస్తుంది. లోతు సరిగా తేలనప్పుడు ఆ అంకె వేస్తామని అమెరికా భూగర్భ సర్వే వారే చెబుతారు. మనవడికి ఈ సంగతి చెప్పాం. ఫోను పక్కన పెట్టి, “అయితే అసలు లోతెంత తాతా?” అన్నాడు. శుభలక్షణం.