మాక్స్ ప్లస్ వన్ గారికి జేజేలు

టేబుల్లో అన్నిటికన్నా పెద్ద నంబరేదో చూడు, ఒకటి కలుపు, కొత్త రికార్డుకు తగిలించు. ఇంత సులువైన విద్యను ఒంటబట్టించుకున్న ప్రోగ్రామరు మహాశయా, తమకు జేజేలు! సీక్వెన్సులనీ ఆటో ఇంక్రిమెంటనీ డేటాబేసులు చేసేవాళ్లు పాపం ఎంత కష్టపడ్డారో! ఒక్క లైనులో తేల్చేసే నేర్పు వాళ్లకెక్కడిది?

తమ సమదృష్టి మరీ గొప్పది. షాపులో రెండు కౌంటర్లలోనూ ఒకేసారి బిల్లు కొడుతున్నారు. మొదటి బిల్లు కమిట్ కాలేదు కనుక రెండో కౌంటరుకు అది కనబడదు. ఇద్దరూ చూసిన పెద్ద నంబరు 1041. ఇద్దరికీ 1042 ప్రసాదించారు! యూనిక్ కన్‌స్ట్రెయింట్ అనే కుళ్లుబోతు ఉంటే ఒకరి బిల్లును తిప్పికొట్టేది. తమరు దాన్ని గడప తొక్కనిస్తేగా! కాబట్టి ఎర్రరూ రాదు, ఎవరూ ఫోనూ చెయ్యరు. నెలాఖరున అకౌంటెంటుకు మాత్రం ఒకే నంబరు మీద కందిపప్పు కొన్నాయన, కుక్కరు కొన్నావిడ జంటగా దర్శనమిస్తారు. ఆర్థిక సంవత్సరంలో ఇన్వాయిస్ నంబరు రెండోసారి రాకూడదనే జీఎస్‌టీ నిబంధన 46 తమబోటి ఉదారుల కోసం రాసింది కాదు లెండి.

పొదుపులోనూ తమకు సాటి లేరు. పోస్ట్‌గ్రెస్ సీక్వెన్సు ఒకసారి ఇచ్చిన నంబరును, రోల్‌బ్యాక్ అయినా సరే, వెనక్కి పుచ్చుకోదు. ఒరాకిల్ సీక్వెన్సు, మనమేమీ చెప్పకపోతే, 20 నంబర్లు ముందే మెమరీలో పెట్టుకుంటుంది. సర్వరు కూలిందా, మిగిలినవన్నీ గల్లంతే. ఎంత దుబారా! తమరైతే చివరి రికార్డు చెరిపేయగానే ఆ నంబరే తర్వాతివాళ్లకు అంటగడతారు. పాత రసీదు పట్టుకొచ్చిన మనిషికి కొత్తవాళ్ల సరుకు కనబడుతుంది. (మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీకీ తమ గాలి సోకినట్టుంది. 8.0 వచ్చేదాకా సర్వరు మళ్లీ మొదలైనప్పుడల్లా మాక్స్ చూసి, ఒకటి కలిపే లెక్క అందుకునేది.)

ఇక యూయూఐడీ నాలుగో వెర్షన్ 122 బిట్లను యాదృచ్ఛికంగా ఏరుకుని, ఎవరినీ ఢీకొనకుండా తప్పుకుపోతుంది. పిరికిది! తమరు ఎదురుపడ్డ ప్రతివాడినీ ఢీకొట్టే వీరులు. ఒక్కరే కూర్చుని టెస్టు చేసుకున్నంతసేపూ తమను ఓడించినవాడు లేడు.

ఇంతటివారికి నంబర్లు పంచే చిల్లర పనెందుకు? మామూలు ఐడీలు సీక్వెన్సుకు వదిలేయండి. వరుస తప్పకూడని బిల్లు నంబరుకైతే వేరే టేబుల్లో ఒక్క రో పెట్టి, బిల్లు రాసే ట్రాన్సాక్షన్లోనే దాన్ని లాక్ చేసి పెంచుకోమనండి. బిల్లు నంబరు కాలమ్‌కు యూనిక్ కన్‌స్ట్రెయింట్ తగిలించి, తమరు హాయిగా విశ్రాంతి తీసుకోండి.