ఆలస్యమే నా ఉద్యోగం: ఒక కంచె ఆత్మకథ

నేను బెల్జియం దక్షిణ కొసన, లక్సెంబర్గ్ ప్రావిన్సు అడవుల్లో పుట్టిన ఇనుప జాలీ కంచెను. 2018 సెప్టెంబరులో అక్కడ ఎటాల్ పరిసరాల్లో చచ్చిపడి ఉన్న అడవిపందుల్లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడింది. మనుషులకు సోకని జబ్బే గాని, పందులకు సోకితే బతకడం అరుదు, మందు లేదు. దాన్ని ఆ అడవి దాటనివ్వకూడదని నన్ను నిలబెట్టారు. నా ఎత్తు 120 సెంటీమీటర్లు. నా అడుగు అంచు నేలలోకి దిగదు. బలిసిన అడవిపంది తలచుకుంటే పైనుంచి దూకగలదు, మూతితో మట్టి పెళ్లగించి కిందినుంచి దూరగలదు. పైగా రోడ్డు వచ్చిన చోటల్లా నాకు తెగిపోక తప్పదు. ఇలాంటి దాన్ని నమ్ముకోవడం డబ్బు దండగ అనేవాళ్లు ఉంటారు. ‘ఎన్ని పందుల్ని ఆపావు?’ అన్నది వాళ్ల ప్రశ్న. ‘ఎంత కాలం సంపాదించి పెట్టావు?’ అని అడగాలంటాను నేను.

అడవిపంది దాటగలదన్నది నిజమే. దాటాల్సిన అవసరం దానికి సాధారణంగా ఉండదు. ఆడపందులు పిల్లలతో గుంపులు కట్టి, తిండీ చాటూ దొరికే, తమకు బాగా తెలిసిన కొద్దిపాటి మేరలోనే తిరుగుతాయి. జాలీ అడ్డొస్తే పక్కకు మళ్లుతాయి. వేటకుక్కలు తరిమితే మాత్రం నేను లెక్కలోకి రాను. అందుకే నన్ను వేయడంతో పాటు, జబ్బు ప్రాంతంలో వేటను ఆపారు, అడవిలోకి జనం రాకుండా కట్టడి చేశారు. వైరస్ కూడా ఒక పంది నుంచి ఇంకో పందికి, లేదా కుళ్లుతున్న కళేబరం నుంచి దాన్ని మూతితో కదిపిన పందికి పాకాలి. పది దాటే చోట రెండే దాటినా ఆ గొలుసు బలహీనపడుతుంది.

అయినా వైరస్ కొన్ని చోట్ల నన్ను దాటింది; దాచను. దాటినప్పుడల్లా దానికి ముందు మరో వరుస కట్టారు. చివరికి బెల్జియంలోనే మా పొడవు దాదాపు 300 కిలోమీటర్లకు చేరింది. ఫ్రాన్సు, లక్సెంబర్గ్ దేశాలు తమ వైపు తాము కంచెలు వేసుకున్నాయి. అడవి గదులు గదులుగా విడిపోయింది. ఒక్కో గదిలో కళేబరాలను వెతికి తొలగించారు, బోనులతో, రాత్రి కాల్పులతో పందుల సంఖ్యను తగ్గించారు. మొత్తం 833 అడవిపందుల్లో వైరస్ తేలింది. 2019 ఆగస్టు తర్వాత కొత్తగా జబ్బుతో చచ్చిన పంది దొరకలేదు. ఈ విడతలో బెల్జియంలో పెంపుడు పందులకు జబ్బు సోకలేదు. 2020 ముగిసేలోగా ఆ దేశం వ్యాధిరహిత హోదా తిరిగి పొందింది.

అయితే ఆ ఘనత బోనులదీ తుపాకులదీ కదా అని అడగవచ్చు. వాటి వాటా వాటికి ఉంది. కానీ హద్దులేని అడవిలో ఒకచోట పందుల్ని తగ్గిస్తే పక్కవి వచ్చి చేరతాయి, బెదిరినవి జబ్బును మోసుకుపోతాయి. ఖాళీ చేసిన చోటు ఖాళీగా నిలవాలంటే అంచు కావాలి. చెక్ దేశంలోని జ్లీన్ ప్రాంతంలో 2017లో వచ్చిన జబ్బును కూడా కంచెలు, కళేబరాల వేట, పందుల తగ్గింపు కలిసే అణచాయి. ఒంటరి కంచెకు మాత్రం ఆ శక్తి లేదు. పోలండ్ సరిహద్దున జర్మనీ కంచెలు వేసుకున్నా, 2024లో జబ్బు వందల కిలోమీటర్ల అవతల హెస్సె రాష్ట్రంలో తేలింది. అంత దూరం ఏ పందీ ఒక్క పరుగున పోదు; పారేసిన మాంసంతోనో, బండి చక్రాలతోనో మనుషులే మోస్తారు. దానికి నా దగ్గర విరుగుడు లేదు.

జింకల దారికీ నేను అడ్డమే అన్న ఆక్షేపణకు జవాబు చెప్పలేను, ఒప్పుకుంటాను. ఆపద రాకముందే వేసే కంచెలూ ఉన్నాయి: డెన్మార్కు తన దేశంలో జబ్బు లేకుండానే 2019లో జర్మనీ సరిహద్దున 70 కిలోమీటర్ల కంచె కట్టింది. దానిలోనూ రోడ్ల దగ్గర, వాగుల దగ్గర ఖాళీలు వదిలారు. నా మటుకు నేను ఆపద ఉన్నన్నాళ్లే నిలవాలి, తీరాక ఊడదీయాలి. కంచె వేయించే పాలకులారా, కిలోమీటర్లు లెక్కబెట్టే ముందు ఒకటి తేల్చుకోండి: నేను సంపాదించే కాలంలో మీరు చేయబోయే పని ఏమిటి? దానికి జవాబు లేకపోతే నా ఇనుము వృథా.