‘మర్ఫి యనుచుఁ బిలువ’ – టీకా తాత్పర్య సహితం

కార్కుపేటలోన కాఫియంగడియందు
మర్ఫి యనుచుఁ బిలువ మనుజులెల్ల
తలలు తిప్పి చూచి తామె తామే యంచు
లేచి నిలిచిరంత లెక్క దప్పె!

అవతారిక: ఐర్లండులో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరును గురించిన ఆటవెలది ఇది. కవీ టీకాకారుడూ ఒకడే కనుక అభిప్రాయభేదాలకు చోటుండదని పాఠకులు అనుకోవచ్చు. ఉంది.

ప్రతిపదార్థం: కార్కుపేటలోనన్ = ఐర్లండు దక్షిణాన, లీ నది ఒడ్డున ఉన్న కార్క్ నగరంలో; కాఫి అంగడి అందున్ = కాఫీ కొట్టులో; మర్ఫి అనుచున్ = ‘మర్ఫీ’ అని; పిలువన్ = కౌంటరు వెనక కుర్రాడు కేకెయ్యగా; మనుజులు ఎల్లన్ = అక్కడున్నవాళ్లంతా; తలలు తిప్పి చూచి = (స్పష్టము); తామె తామే అంచున్ = ‘నన్నే, నన్నే’ అనుకుంటూ; లేచి నిలిచిరి = (స్పష్టము); అంతన్ = ఆ మీదట; లెక్క తప్పెన్ = ఏ కప్పు ఎవరిదో తేలలేదు.

తాత్పర్యం: కార్క్‌లో మర్ఫీ అని పిలిస్తే అందరూ లేచారు. (పద్యంలో ఉన్నది ఇంతే. ఇకమీదటిదంతా టీకాకారుడి బతుకుతెరువు.)

విశేషాలు: ‘కాఫియంగడి’ అన్నచోట ‘మద్యశాల’ అని ఉండాలని కొందరికి తోచవచ్చు. ఊరి స్వభావానికి అదే దగ్గర. జేమ్స్ మర్ఫీ తన అన్నదమ్ములతో కలిసి 1856లో ఆ ఊళ్లోనే బీరు కార్ఖానా పెట్టాడు, ‘మర్ఫీస్’ అనే నల్లబీరు నేటికీ ఆ పేరుతోనే దొరుకుతుంది. కానీ మద్యశాల అంటే యతీ పోతుంది, గణమూ పోతుంది. ఛందస్సు కోసం మందు మానేసిన కవి తెలుగులో ఇతనొక్కడే కావచ్చు.

శంక: మర్ఫీ అంటే రేడియో కదా, మనుషులు లేవడమేమిటి? సమాధానం: మన ఇళ్లలో గూట్లో కూర్చుని వార్తలు చెప్పిన రేడియో, నోటిదగ్గర వేలు పెట్టుకుని క్యాలెండరులో నవ్విన మర్ఫీ పాప, రెండూ ఈ పేరు సంతానమే. 1929లో ఇంగ్లండులో ఫ్రాంక్ మర్ఫీ అనే ఇంజినీరు భాగస్వామితో కలిసి పెట్టిన కంపెనీ అది. చెడిపోగల పని చెడిపోయే తీరుతుందన్న ‘మర్ఫీ సూత్రం’ ఇంకో ఇంజినీరుది. 1949లో అమెరికాలో రాకెట్ బండి పరీక్షల్లో కొలత పరికరాలకు వైర్లు తారుమారుగా కలిపారు, ఎడ్వర్డ్ మర్ఫీకి ఒళ్లు మండింది, సూత్రం పుట్టిందని చెబుతారు. ఈ రెండర్థాలూ ఇక్కడ అన్వయించవు. రేడియోలు లేచి నిలబడవు. సూత్రం మాత్రం చివరి పాదంలో ‘లెక్క దప్పె’ అన్నచోట ధ్వనిస్తోందని రసికులు అనుకుంటే అభ్యంతరం లేదు.

ఇక వ్యుత్పత్తి. ఈ పేరు ఐరిష్ మూలంలో ‘ముర’ కనబడగానే మురాసురుణ్ణీ మురారినీ లాక్కొచ్చే అలవాటు మనకుంది, ఆపుకోవాలి. ఐరిష్‌లో అసలు రూపం ‘ఓ మురఖద’, ఇప్పటి వాడుకలో ‘ఓ మురఖూ’. ఇందులో మొదటి ముక్కకు సముద్రమని, రెండో ముక్కకు యుద్ధమని అర్థం. మురఖద్ అంటే కడలి వీరుడన్నమాట. ‘ఓ’ అంటే మనవడు. కొన్ని ఇంటిపేర్లలో దాని బదులు వచ్చే ‘మాక్’ అంటే కొడుకు. నడుమనున్న ఖకారం లాంటి గొంతుధ్వని ఇంగ్లీషు దస్తావేజులకెక్కి ఫకారమై కూర్చుంది. వెక్స్‌ఫర్డ్ వైపు ఒక శాఖవారు మాత్రం ఫకారానికి లొంగక ‘ఓ మోర్కో’ అనే రాసుకుంటూ వచ్చారు. మెచ్చుకోదగ్గ మొండితనం.

ఇక్కడొక చిక్కుంది. మనవడనగానే తాతగారెవరన్న ప్రశ్న వస్తుంది. ఇంతమంది ఒక్క తాత సంతానమైతే ఆ మురఖద్‌ను పురాణాల్లో చేర్చాలి. నిజానికి తాతలు చాలామంది. ఆ రోజుల్లో మురఖద్ అనేది మగపిల్లలకు మామూలుగా పెట్టే పేరు. 1014లో డబ్లిన్ దగ్గర క్లోన్‌టార్ఫ్ యుద్ధంలో బ్రయాన్ బోరు రాజుతోపాటు నేలకొరిగిన కొడుకు పేరు కూడా అదే. అలా వెక్స్‌ఫర్డ్‌లో ఒక మురఖద్‌కూ, ఉత్తరాన టిరోన్‌లో మరో మురఖద్‌కూ వేరువేరుగా మనవలు పుట్టారు. టిరోన్ వారిది ‘ఓ’ కాదు, ‘మాక్’. తరవాత ఇంగ్లీషు పాలనలో ‘ఓ’లూ ‘మాక్’లూ రాలిపోయాయి. రాయసగాడి కలం కింద ఎవరి మనవడైనా, ఎవరి కొడుకైనా ఉత్త మర్ఫీ. ఈ పేరు ఇంతగా ప్రబలడానికి కడలి వీరుల పౌరుషం కంటే ఆ కలమే ఎక్కువ కారణమని టీకాకారుడి సిద్ధాంతం.

ఇంకో తమాషా. మురఖద్ వంశంలో చరిత్రకెక్కినవాడు లెన్‌స్టర్ రాజు డియర్మిడ్ మాక్ మురఖద. 1166లో రాజ్యం పోగొట్టుకుని, ఇంగ్లండు రాజు రెండో హెన్రీ ఆశ్రయం కోరి, 1169లో నార్మన్ సేనలను దేశంలోకి రప్పించుకున్నవాడు. 1170లో వచ్చిన స్ట్రాంగ్‌బో అనే దొరకు కూతురు ఈఫానిచ్చి పెళ్లిచేశాడు, ఆ మరుసటి ఏడే చనిపోయాడు. ఐరిష్‌వాళ్లు ఆయన్ని ఇంకా క్షమించలేదు. అయితే ఆయన కొడుకు డోనల్ సంతతి ‘కవనా’ అనే ఇంటిపేరుతో స్థిరపడింది. కీర్తి అపకీర్తి రెండూ అటు పోయాయి, మర్ఫీలకు జనాభా మిగిలింది.

‘మనుజులెల్ల’: ఇందులో ఆడవాళ్లు చేరతారా? చేరతారు, కానీ ఇంగ్లీషు పుణ్యాన. ఐరిష్‌లో మర్ఫీగారమ్మాయి ‘ఓ మురఖూ’ కాదు, ‘నీ వురఖూ’. ‘ఓ’ పోయి కూతురన్న అర్థంలో ‘నీ’ వస్తుంది, ఆ వెనక మకారానికి వకారం ఆదేశంగా వస్తుంది. గసడదవాదేశం బట్టీపట్టిన మనకిది కొత్తగా ఉండదు. మర్ఫీగారి ఇల్లాలి పేరు ఇంకో రకం, ‘బాన్ ఈ వురఖూ’. ఐరిష్‌లో పిలిచి ఉంటే తండ్రి, కూతురు, ఇల్లాలు ఎవరి పిలుపుకు వాళ్లే లేచేవారు. కొట్టులో గందరగోళం మూడోవంతుకు తగ్గేది.

కడలి వీరుడన్న బిరుదు కొన్ని వందల ఏళ్లు పొలాల్లో బంగాళాదుంపలు తవ్వుకుంది. ఎంతగా అంటే, ఇంగ్లీషు వీధిభాషలో బంగాళాదుంపకే ‘మర్ఫీ’ అని పేరు పడింది. 1845లో ఆ దుంపకు తెగులు తగిలింది. తరవాతి కొన్నేళ్లలో సుమారు పది లక్షలమంది చనిపోయారు, కనీసం అంతేమంది ఓడలెక్కారు. మర్ఫీలు నిజంగా సముద్రంతో పోరాడింది అప్పుడు, కిక్కిరిసిన ఓడల అడుగు అరల్లో. న్యూయార్కులో, బోస్టన్‌లో మర్ఫీలు ఇంతమంది ఉండడానికి మూలం అది.

‘లెక్క దప్పె’ అన్న కవి మాట పూర్తిగా ఒప్పుకోలేం. లెక్క ఉంది. 1890లో నమోదైన జననాల ఆధారంగా మథెసన్ అనే అధికారి వేసిన అంచనా ప్రకారం ఐర్లండులో మర్ఫీలు 62,600 మంది. రెండో స్థానంలో కెల్లీలు, 55,900. ఇప్పటికీ మొదటి స్థానం మర్ఫీలదే. 1893లో గేలిక్ లీగ్ పుట్టి, ఐరిష్ అభిమానం పెరిగాక సలివన్‌లు, కానర్‌లు చాలామంది పోయిన ‘ఓ’ను తిరిగి తగిలించుకుని ఓసలివన్, ఓకానర్ అయ్యారు. మర్ఫీలు ఆ జోలికి పోలేదు. ఓమర్ఫీ అన్నవాడు కనిపించడం అరుదు.

మరి ఒకే ఊళ్లో పాతికమంది మర్ఫీలుంటే ఎవరిని ఎలా గుర్తుపడతారు? ఐరిష్ మాట్లాడే పల్లెల్లో దీనికి ఉపాయం ఉంది. ఇంటిపేరు పక్కన పెట్టేస్తారు. మనిషి పేరు, దాని వెనక తండ్రి పేరు, అదీ చాలకపోతే తాత పేరు చేర్చి పిలుస్తారు. షాన్‌గారి మైకేల్ కొడుకు టామస్ అన్న పద్ధతిలో. తాతను చెప్పడానికే కదా మొదట ‘ఓ మురఖద’ పుట్టింది! అది అందరి తాతా అయి కూర్చున్నాక, ఎవరి తాతను వాళ్లు మళ్లీ వెతుక్కుంటున్నారు.